గార్డు దీపానికి జవాబు

రిటైరైన గూడ్స్ గార్డు సింహాద్రి, హిందీ మాట్లాడే చోట, తోర్వా అనే పేట అవతల రెండెకరాల్లో మందులు కొట్టకుండా కూరగాయలు పండించేవాడు. ఆ ఏడు బిర్గిట్ అనే డెన్మార్క్ పిల్ల వచ్చి, తిండి పెట్టి పడక చూపిస్తే చాలని మూడు నెలలు కలుపు తీసింది. రాత్రిళ్లు చేను చివరి పాకలో పడుకునేది. సింహాద్రి తన పాత లాంతర్లలో ఒకటి ఆమెకిచ్చాడు. నిద్రకు ముందు ఆయన గుమ్మంలోంచి పచ్చదీపం ఊపేవాడు. పాకలోంచి ఆమె కూడా ఊపేది. అంటే అంతా క్షేమమని.

మూడు నెలలూ నిండాక ఒకరోజు పొద్దున ఆమెను బొంబాయి మెయిల్ ఎక్కించి వచ్చాడు. అయినా ఆ రాత్రి అలవాటుకొద్దీ దీపం ఊపాడు.

పాకలోంచి పచ్చదీపం ఊగింది.

"ఏటే, లాంతరు పాకలో ఒగ్గీసావా?" అన్నాడు భార్యతో.

"నానెందుకు ఒగ్గీస్తాను? పిల్ల ఇచ్చీసే ఎల్లింది. అదిగో, మేకుకుంది," అంది అప్పయమ్మ.

మేకుకి లాంతరు ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది.

మళ్లీ చేనువైపు తిరిగేసరికి పచ్చదీపం గట్టు మీదికి వచ్చింది. గట్టు పొడుగునా బిర్గిట్ పరిచిన ఎండుటాకులు, పిల్లి నడిచినా గలగలమంటాయి. ఇప్పుడు చిన్న చప్పుడైనా లేదు.

"కౌన్ హై?" అని కేకేశాడు.

సింహాద్రి తన చేతిలోని లాంతరు అద్దం తిప్పి ఎర్రదీపం చూపించాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఎర్రదీపం దాటి ఏ బండీ రాలేదు.

పచ్చదీపం గుమ్మం ముందరి టమాటా మడి దాటింది.