చివరి జత

"విరిగిన ముక్క తేలేదా?" అన్నాడు విల్లులు చేసే మేస్త్రి, సంచీలోంచి పిడినీ, మిగిలిన కింది బద్దనీ తీసి బల్ల మీద పెడుతూ.

"పారేశానండీ," అన్నాడు తాళాలాయన, తాళంచెవులు అరగదీసి నల్లబడ్డ వేళ్ళు తుడుచుకుంటూ.

"అయ్యో! అది చూస్తే తప్పెక్కడ జరిగిందో తెలిసేది."

"తెలిసి మాత్రం ఏం చేస్తాం? కొత్త జత చేసిపెట్టండి, చాలు."

అది మూడు ముక్కల విల్లు. మధ్యలో కర్ర పిడి, దానికి పైనొకటి, కిందొకటి మరలతో బిగించే బద్దలు. విప్పేస్తే చేతిసంచీలో పడుతుంది. రెండేళ్ళ కిందట మేస్త్రి తన చేతులతో చేసిచ్చిందే. మొన్నామధ్య, పెద్ద పోటీ ఇంకో వారముందనగా, మైదానంలో తాళాలాయన కూతురు తాడు చెంపదాకా లాగేసరికి పై బద్ద ఫెళ్ళున విరిగింది. చీలిక ఎగిరొచ్చి కుడి కంట్లో దిగింది. కన్ను దక్కలేదు.

ఆ కబురు విన్నప్పటినుంచీ మేస్త్రికి కంటిమీద కునుకు లేదు. తాళాలాయన వస్తాడు, నలుగుర్లో నిలదీస్తాడు, చొక్కా పట్టుకుంటాడు అని రోజూ గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. రెండు నెలలైనా ఆయన రాలేదు. ఇవాళ వచ్చి, పల్లెత్తు మాట అనకుండా కొత్త బద్దలు అడుగుతున్నాడు.

"అమ్మాయి మళ్ళీ వేస్తానంటోందా?"

"ఎడమ కన్నుంది కదా అంటోంది. ఎడమ చేత్తో లాగడం నేర్చుకుంటుందట. ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి పడుకునేది. ఈ ఆలోచన వచ్చాకే నాలుగు మెతుకులు తింటోంది."

"అలవాటు లేని చెయ్యి. పాత నలభై పౌన్ల బిగువు లాగలేదు. ఇరవై ఎనిమిదికి చేస్తాను. బలం వచ్చాక మళ్ళీ పోటీలకి..."

"ఇంకెక్కడి పోటీలండీ! ఆ పోటీ గెలిస్తే శిక్షణకని మూడేళ్ళు దూరం పోయేది. గెలిచేదే. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. దాని తల్లి పోయినప్పటినుంచీ దాని గొంతు వినబడకపోతే నాకు ముద్ద దిగదు." తాళాలాయన నేలచూపులు చూశాడు. "ఇప్పుడిక ఎక్కడికీ పోదు."

మేస్త్రి ఇక ఉండబట్టలేకపోయాడు.

"తప్పు నాదేనండీ. ఆ జత చేసేటప్పుడు మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. జిగురు ఆరడానికి రెండ్రోజులు అచ్చులో బిగించి ఉంచాలి. నేను ఒక్కరోజుకే తీసేశాను."

తాళాలాయన ఉలిక్కిపడ్డాడు. "మీ తప్పేం లేదు," అని గొణిగి గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"దేవుడిలాంటి మనిషి," అంది లోపల్నుంచి వచ్చిన మేస్త్రి భార్య. "ఇంకొకరైతే కొట్టు తగలబెట్టేవాళ్ళు."

"తగలబెట్టినా బాగుండేది. మీ తప్పు లేదంటుంటే తట్టుకోలేకపోతున్నాను."

"నిజంగా జిగురు తప్పే అయితే రెండేళ్ళు ఆగుతుందా?"

"చెద తిన్న దూలం పడేరోజు చెప్పి పడుతుందా?"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మేస్త్రి ఒప్పుకున్న పనులన్నీ పక్కన పెట్టాడు. వెదురు పొరల్ని కాగితమంత నున్నగా చిత్రిక పట్టాడు. జిగురు పూసి, అచ్చులో బిగించి, రెండు రోజులు కాదు, ఐదు రోజులు ఉంచాడు. పైదీ కిందిదీ ఒకే తీరుగా వంగేదాకా గీకాడు, లాగాడు, మళ్ళీ గీకాడు. తన మొహానికి ఎదురుగా పెట్టుకుని మూడొందల సార్లు లాగి చూశాడు. విరిగితే తన కంట్లోనే గుచ్చుకోనీ అనుకున్నాడు. విరగలేదు.

ఆ తర్వాత గోడకి వరసగా ఆనించి ఉన్న అచ్చులన్నీ దించి, ఒక్కొక్కటే రంపంతో రెండేసి ముక్కలు చేశాడు. భార్య అడ్డొచ్చి రంపం పట్టుకుంది. నెమ్మదిగా ఆమె వేళ్ళు విడిపించాడు.

చెప్పిన రోజుకి తండ్రీకూతుళ్ళిద్దరూ వచ్చారు. అమ్మాయి కుడి కంటికి నల్లటి గుడ్డ కట్టుకుంది. విల్లు ఎత్తబోతే దూరం తెలియక వేళ్ళు బల్ల అంచుకి కొట్టుకున్నాయి. మేస్త్రి తల తిప్పేసుకున్నాడు.

"తేలిగ్గా ఉంది బాబాయ్!" అందామె తాడు సగందాకా లాగి. రెండు నెలల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలని తండ్రి మొహమే చెప్పింది. "చెయ్యి కుదిరాక ముప్పై అయిదుది ఇంకో జత చేసివ్వాలి."

"నేనింక చెయ్యనమ్మా. ఇదే చివరిది."

"అదేంటి?"

"నా చేతుల మీద నాకు నమ్మకం పోయింది."

ఆమె అమ్ములు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి గడ్డిమోపులో అమ్ము దిగిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకొకటి.

తాళాలాయన ఖాళీ గోడవైపు చూస్తున్నాడు. "అచ్చులేవండీ?"

"కోసేశాను. ముప్పై ఏళ్ళ పని. పోతే పోయింది. ఇంకో పిల్ల ఉసురు నాకొద్దు."

"అన్నీనా?"

"ఒక్కటీ మిగల్చలేదు."

"మీ చేతుల్లో ఏ లోపమూ లేదండీ."

"మీ మంచితనం కొద్దీ అంటున్నారు. ఆ పిల్లని చూస్తూ నేనెలా నమ్మను?"

తాళాలాయన వీధి తలుపు మూసొచ్చాడు. పెరటివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పోటీకి ముందు ఆ పై బద్దని ఆకురాయితో అరగదీసింది నేనే."