ఇంగ్లీషు వచ్చిన విద్యార్థి

సోమవారం ఇంగ్లీషు తరగతిలో క్లెమ్ మళ్లీ నిద్రపోయాడు.

డెబ్బై దాటిన మనిషి. ఆస్ట్రేలియాలోనే పుట్టి, మాటలు నేర్చిననాటి నుంచి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష ఎరగనివాడు. వలస వచ్చినవాళ్ల కోసం పెట్టిన తరగతిలో వెనక కుర్చీలో కూర్చుని గురక పెడుతున్నాడు.

నోరీన్ గుమ్మంలో నిలబడి చూసి మూతి తిప్పుకుంది.

వాటిల్ వీధిలోని ఆ ఇరుగుపొరుగు కేంద్రానికి ఆమె అధ్యక్షురాలు. భవనమూ, టీచర్ల జీతాలూ మున్సిపాలిటీవి. టీ, బిస్కెట్లు, పుస్తకాలు, చలికాలంలో హీటరు మాత్రం వాడవాళ్లే చూసుకోవాలి. అందుకోసం ప్రతి శనివారం హార్డ్‌వేర్ దుకాణం ముందు నోరీన్ సాసేజీలు కాల్చి, ఉల్లిపాయలతో కలిపి బ్రెడ్డులో చుట్టి అమ్ముతుంది.

ఆ పొగలో తను కళ్లు మండించుకునేది ఇతగాడి బిస్కెట్ల కోసమా అని కనబడిన ప్రతివాళ్లనూ అడిగేది.

అడగదూ మరి! క్లెమ్ మంగళవారం అల్లికల తరగతికి వచ్చేవాడు, చేతిలో సూది ఉండేది కాదు. గురువారం పూలు అమర్చడం నేర్పుతుంటే వచ్చేవాడు, ఒక్క పువ్వు ముట్టేవాడు కాదు. రిజిస్టరులో మాత్రం అందరికన్నా ముందు సంతకం పెట్టి, బిస్కెట్ల డబ్బా పక్కకు కుర్చీ లాక్కునేవాడు.

తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు.

ఆ రోజు నోరీన్‌కి ఒళ్లు మండింది. పాఠం మధ్యలోనే వెళ్లి క్లెమ్ భుజం కుదిపి లేపింది.

"ఏమయ్యా, ఇంగ్లీషు ఎంతవరకు వచ్చింది?"

అందరూ నవ్వారు. సేలా ఒక్కతే పుస్తకంలోంచి తల ఎత్తలేదు. పసిఫిక్‌లోని టోంగా దీవుల నుంచి వచ్చిన మనిషి. వృద్ధాశ్రమంలో గిన్నెలు కడుగుతుంది. డిసెంబరులో ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే అక్కడే నర్సు సహాయకురాలి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆమెకు నవ్వే తీరిక లేదు.

"నెమ్మదిగా వస్తోందమ్మా," అన్నాడు క్లెమ్.

"ఇక రానక్కర్లేదు. నువ్వూ రానక్కర్లేదు."

ఇది అవసరమున్నవాళ్ల కోసం పెట్టిన చోటనీ, పనీపాటా లేనివాళ్లు కునుకు తీయడానికి రైలు స్టేషన్లో బెంచీలున్నాయనీ అందరి ముందూ కడిగేసింది.

క్లెమ్ టోపీ తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"నన్ను పంపితే పంపావు గానీ, ఆ కుర్చీ ఖాళీగా ఉంచకమ్మా. ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టు."

"అబ్బో, మహారాజుగారి సింహాసనం మరి," అంది నోరీన్. అతను గేటు దాటకముందే ఆ కుర్చీ మడిచి గోడకు ఆనించింది.

ఆరు వారాలు బిస్కెట్లు బాగానే మిగిలాయి.

ఏడో వారం మున్సిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎనిమిది మందికి తగ్గితే తరగతి నడపరట. అల్లికలు, పూలు, ఇంగ్లీషు, మూడూ రద్దు. ఆ నియమాల కాగితం నోరీన్ సొరుగులో ఏళ్ల తరబడి ఉంది. చదివే అలవాటు ఆమెకు లేదు.

అల్లికలూ పూలూ పోయినందుకు ఎవరూ ఏడవలేదు. సేలా మాత్రం ఆ ఉత్తరం చేతిలోకి తీసుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొత్తం చదివింది.

"పరీక్ష ఇంకా నెలన్నరే ఉంది నోరీన్. ఇప్పుడు నేనెక్కడికి పోను?"

నోరీన్ మర్నాడే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లింది. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరు చూసి, చేసేదేం లేదంది. టీచరును వేరే పేటకు వేశారట, సోమవారానికి ఆ గది కూడా ఎవరికో ఇచ్చేశారట.

నోరీన్‌కి కోపం నషాళానికి అంటింది. "ఒక్క మనిషి తక్కువైతే చదువు ఆపేస్తారా? ఇంత దిక్కుమాలిన నియమం రాసిన పెద్దమనిషి ఎవరు?"

"క్లెమ్ గారు. ఇక్కడే పనిచేసి రిటైరయ్యారు," అంది ఆ అమ్మాయి. "దానివల్ల ఎన్ని తరగతులు మూతపడ్డాయో తెలిశాక తట్టుకోలేకపోయారు పాపం. అప్పటినుంచీ ఎక్కడ ఒకరు తక్కువైతే అక్కడికి వెళ్లి, ఎనిమిదో మనిషిగా తనే కూర్చుంటున్నారు. మీ దగ్గరికి రాలేదా?"