వెండి పిన్ను వెనక ముద్ర

ఓస్నెకు అన్నిటికన్నా పెద్ద భయం, వెండి పిన్ను విరిగిన సంగతి అత్త గున్‌వోర్‌కు తెలుస్తుందేమోనని. బాప్తిస్మం అయ్యేదాకా పసివాడి బట్టకు వెండి ఉండాలి, లేకపోతే కొండకింద దాగి ఉండే మాయజాతి వాళ్ళు బిడ్డను ఎత్తుకుపోయి తమ బిడ్డను పెట్టేస్తారని ఆ నార్వే లోయలో నమ్మకం.

“ఆదివారమే మా బాబు బాప్తిస్మం, ఈలోగా అతికించండి,” అంది కంసాలి తార్యేతో. “ఐదు తరాల సొత్తట. నా చేతిలో ఐదు వారాలైనా ఉంటుందా అని ఇచ్చిన రోజే మా అత్త దెప్పింది.”

ఆయన పిన్ను వెనక్కి తిప్పి, భూతద్దంలో చూసి నవ్వాడు. “ఈ అంకె వెండి స్వచ్ఛత. పక్కనున్న సుత్తి గుర్తు నాది. తరాలేమిటి పిల్లా, ముప్పై ఏళ్ళ కిందట నేనే చేశాను.”

ఓస్నె ముఖం వెలిగిపోయింది. “అమ్మో, ఎన్ని కోతలు కోసింది! ఇంటికెళ్ళి కడిగేస్తానుండండి.”

“అసలుది ఏట్లో పడిపోయిందని మీ అత్త వచ్చింది. అప్పుడు నీ మొగుడు చంకలో పసిగుడ్డు. ‘మా అత్తకు తెలిస్తే బతకనివ్వదు, అచ్చం అలాగే చెయ్యండి’ అని ఒకటే ఏడుపు.”

ఓస్నె పిన్ను వెనకున్న సుత్తి గుర్తును వేలితో తడిమింది. “ఆ అత్తకు తెలిసిందా?”

“తెలియకుండానే కన్నుమూసింది. గున్‌వోర్ మాత్రం ఈనాటికీ నా కొట్టు ముందు తల దించుకునే నడుస్తుంది.”

ఈ కథ చదివిన మీరెవరైనా ఆదివారం చర్చిలో గున్‌వోర్ పక్కన కూర్చుంటే, ఎలా ఉన్నారని ఓసారి ఆప్యాయంగా అడగండి. కోడలు అడిగితే, తన గుట్టు తెలిసిపోయిందని ఆవిడ హడలిపోతుంది.