ఖాళీ కావాల్సిన పేరు

బతికున్న మనిషి పేరు ఇంకొకరికి పెట్టకూడదన్న చట్టం వచ్చి ముప్పై ఏళ్లయింది. హైమ తన పాప కోసం వందల పేర్లు వెతికితే, మనసుకు పట్టింది ‘మిన్నేరు’ ఒక్కటే. కానీ ఆ పేరుగల ముసలమ్మ వినుకొండలో ఒక వృద్ధాశ్రమంలో ఉంది. తొంభై ఒకటో ఏడు, మంచం మీదే. ఇరవై ఒకటో రోజులోగా పేరు ఖాళీ కాకపోతే, యంత్రం ఇచ్చిన అక్షరాలే పాప పేరవుతాయి.

హైమ రోజూ ఆశ్రమానికి ఫోన్ చేసేది. "కులాసాగానే ఉన్నారమ్మా" అంటే ఉసూరుమనేది. పంతొమ్మిదో రోజు తన మీద తనకే అసహ్యం వేసి, పాపను ఎత్తుకుని బస్సెక్కింది.

"పేరు కోసం వచ్చావా తల్లీ?" అంది ముసలమ్మ.

హైమ తల దించుకుంది.

"నేను పుట్టిన ఏడు మా ఊరి ఏరు ఎండిపోయిందట. మింటి మీదైనా ఒక ఏరు ఉండనీ అని మా నాన్న ఈ పేరు పెట్టాడు. ఏదీ, పిల్లని ఇలా ఇవ్వు."

పాపను గుండెల మీద పడుకోబెట్టుకుని, "మిన్నేరూ" అని ఆమే మొదటిసారి పిలిచింది.

"మీరు ఇంకా చాలా ఏళ్లు ఉండాలి అమ్మమ్మా" అంది హైమ. నిజంగానే అంది.

మర్నాడు పొద్దున భర్త మురారి ఫోన్ పట్టుకుని నవ్వుతూ వంటింట్లోకి వచ్చాడు.

"హైమా, పేరు ఖాళీ అయింది!"

హైమ పొయ్యి కట్టేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

"మనకే వచ్చింది కదా, ఏడుస్తావేంటి?" అన్నాడు మురారి.