నాన్న పంపిన ఎర్రకోటు

“ఆపేశావేం ఓటిలీ పిన్నీ? చదువు.”

యూదులను బంధించి చంపిన నాజీ శిబిరంలో అధికారిగా ఉన్నప్పుడు నాన్న ఇంటికి రాసిన ఉత్తరాలవి. ఆ పాతకాలపు జర్మన్ లిపి గెర్లిండకు రాదు. ఆమెకు మిగిలిన చుట్టాలల్లా ఆ ఉత్తరాలే. అందుకే చదివిపెట్టమని పక్కింటి ముసలావిడ ఓటిలీని పిలిచింది.

“‘గెర్లిండ పుట్టినరోజుకు ఎర్రకోటు పంపుతున్నాను. కాస్త వాడిందే. ఆ పిల్లకిక చలి వెయ్యదులే. కాలరు లోపల కుట్టిన పేరు విప్పేసి మన గెర్లిండకు తొడుగు.’” ఓటిలీ కళ్లజోడు తీసేసింది. “ఇక చాలమ్మా.”

అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఆ దారాలు విప్పడం గెర్లిండకు గుర్తుంది. తన కొలతకు సరిచేస్తోందనుకుంది. రెండు చలికాలాలు ఆ కోటు ఒంటి మీంచి తీస్తే ఒట్టు.

“ఆ పిల్ల పేరేమిటో రాశాడా పిన్నీ?”

“లేదమ్మా. కాగితం నిండా నీ పేరే.”