పేరు లేని వరుస

కొత్త ర్యామ్ వేశాక ఇంకా పేజ్ ఫైల్ ఎందుకని సాయిచంద్ దాన్ని తీసేశాడు. ర్యామ్ నిండినప్పుడు, అందులో పట్టనివాటిని కంప్యూటర్ డిస్కులో దాచుకునే చోటు అది.

ల్యాప్‌టాప్ అతని అక్క భూలక్ష్మిది. మాదాపూర్ ఆఫీసు పనంతా ఇంట్లో దాని మీదే చేసేది. ఆమె పోయి ఏడు నెలలైంది. ఉన్నప్పుడు ఒకసారి అతను ఇలాగే తీసేయబోతే చేయి పట్టుకుని ఆపింది.

"ఉండనీరా. నిండినంక పాపం అది ఏడ వెట్టుకుంటది?"

ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అయింది. ఇంటి దగ్గరి బోరబండ స్టేషన్‌లో చివరి రైలు ఎప్పుడో వెళ్లిపోయింది. అతను ఇంకా ఏదీ తెరవనే లేదు, అయినా లోపలి ఫ్యాన్ రొప్పడం మొదలుపెట్టింది. మెమరీ చాలడం లేదని, తెరిచినవి కొన్ని మూసేయమని తెర మీద వచ్చింది.

లోపల ఏయే ప్రోగ్రామ్‌లు నడుస్తున్నాయో జాబితా తెరిచి చూశాడు. అన్నిటికంటే పైన, పేరు లేని వరుస ఒకటి ఉంది. ర్యామ్‌లోని పదహారు జీబీలనూ అదే నింపేసింది. కింద ఎండ్ టాస్క్ బటన్ ఉంది. నొక్కితే చాలు, పోతుంది.

నొక్కబోతూ ఆగాడు. ఆ రొప్పు అతను ఇంతకుముందు విన్నాడు. దవాఖానలో, అక్క మంచం పక్కన.

గబగబా పేజ్ ఫైల్ మళ్లీ పెట్టాడు. ఫ్యాన్ నెమ్మదించి, ఆగింది. వరుస మాత్రం అక్కడే ఉంది.

"ఇంకా జాగ కావాల్నా, అక్కా?"

ఫ్యాన్ ఒక్కసారి మెల్లగా తిరిగి ఆగింది.

సాయిచంద్ డిస్కులో ఉన్న తన సినిమాలను ఒక్కొక్కటిగా తుడిచేయడం మొదలుపెట్టాడు.