ఇంకో చెంచా

ఆ రోజు ఇంకొక్క చెంచా పెట్టి ఉంటే ఏమయ్యేది? ఎనిమిదేళ్ళుగా మెకానిక్ మనసుని తొలుస్తున్న సందేహం ఇదే. పొద్దున్నే దేవుడి ముందు కళ్ళు మూసుకున్నప్పుడల్లా అడుగుతాడు. దేవుడు వింటాడని అతనికి నమ్మకం. జవాబు ఎందుకు చెప్పడో మాత్రం అంతు పట్టదు.

“బాబాయ్, మళ్ళీ ఎర్ర లైటే!”

ఆ కేకకి మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. కేక పెట్టింది ఆహార విభాగం అమ్మాయి. పక్షవాతం వచ్చి గుటక సరిగ్గా పడనివాళ్ళ కోసం జావ తయారుచేయడం ఆమె పరిశోధన. పల్చనైతే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, చిక్కనైతే గొంతులోనే తిష్ఠ వేస్తుంది. ఆమెకి మెకానిక్ పెట్టిన పేరు జావమ్మ.

జావని పరీక్షించేది బల్ల మీదున్న రబ్బరు గొంతు. పెదవులు, నాలుక, లోపల రెండు దారులు: ఒకటి పొట్టకి, ఒకటి ఊపిరికి. మోటారు తిరిగితే అచ్చం మనిషిలాగే గుటక వేస్తుంది. ఊపిరి దారిలో ఒక్క చుక్క పడ్డా ఎర్ర లైటు వెలుగుతుంది. కుడివైపు పక్షవాతం వచ్చి చనిపోయిన ఒకాయన స్కానింగు చూసి పోసిన అచ్చు అది. ఇంటివాళ్ళు సంతకం పెట్టి ఇచ్చారట. ఫైల్లో పేరు లేదు, నంబరే.

పేరు లేకపోతే ఏం, జావమ్మ ‘మావయ్య’ అని పెట్టేసింది. “ఏం వండినా వంకే. అచ్చం మా మావయ్యగారే!” అంటుంది.

మెకానిక్ మాత్రం దాన్ని ‘ఆయన’ అంటాడు. రోజూ మెత్తటి గుడ్డతో మూతి తుడుస్తాడు. ఆసుపత్రి వర్క్‌షాపులో నిక్షేపం లాంటి ఉద్యోగం వదులుకుని, ఈ గొంతు మొదలుపెట్టినప్పుడే అడిగి మరీ ఈ ల్యాబుకి మారాడు. “నీకేమైనా పిచ్చా?” అని భార్య రెండు రోజులు మాట్లాడలేదు.

డాక్టరు లోపలికొచ్చాడు. “ఎన్నో రకం ఇది?”

“నలభై రెండు. ఇక నా దగ్గర వంటలైపోయాయి సార్.” జావమ్మ గరిటె బల్ల మీద పడేసింది.

“వరసగా పది పచ్చ లైట్లు రావాలమ్మా. సాయంత్రం కమిటీకి ఏదో ఒకటి చెప్పాలి. పైన వార్డులో ముప్ఫై మంది ముక్కుల్లో గొట్టాలతో పడున్నారు. నోటితో ఒక్క ముద్ద తింటామని రోజూ నన్ను చంపుతున్నారు.”

“వాళ్ళకి ఏం చెబుతారు?” అడిగింది జావమ్మ.

“ఏముంది, మీ రాత ఇంతే అంటాను.”

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. “ఒకసారి ఆయన మూతిని పక్కకి తిప్పి చూద్దామా?”

“ఎటు?”

“కుడివైపు. గోడ వైపు.”

“చచ్చుబడింది కుడివైపేగా! అటెందుకు...” అంటూనే డాక్టరు ఆగాడు. టపీమని నుదురు కొట్టుకున్నాడు. “పాడైన వైపు తిప్పితే గొంతు ఆ పక్కన నొక్కుకుపోతుంది. జావ బాగున్న వైపు నుంచి దిగుతుంది. కొందరికి అది పనికొస్తుందని నాకు తెలుసు కూడా! ఇన్నాళ్ళూ ఈ గొంతుకి ఎందుకు చేసి చూడలేదు?”

“స్టాండు కదలకుండా తిన్నగా బిగించింది నేనేనండీ,” మెకానిక్ తల దించుకున్నాడు. “నాలుగు బోల్టులు వేసి మరీ.”

బోల్టులు తుప్పు పట్టి మొరాయించాయి. విప్పేసరికి అతని చొక్కా తడిసింది. కింద మెడ కదలకుండా, రెండు చేతులా మూతిని మెల్లగా గోడ వైపు తిప్పాడు.

మొదటి చెంచా. పచ్చ లైటు.

రెండు. పచ్చ.

ఏడో చెంచాకి జావమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. “ఏ రంగో నువ్వే చెప్పు బాబాయ్, నేను చూడలేను.”

“పచ్చే తల్లీ. ఆయన కానివ్వమంటున్నారు.”

పదోది కూడా దిగింది. జావమ్మ ఎగిరి గంతేసింది.

“ఏమయ్యా, నీకెలా తట్టింది?” అడిగాడు డాక్టరు.

“మా నాన్నగారు అలాగే తినేవారండీ, పక్షవాతం వచ్చాక. అలిగి గోడ వైపు తిరుగుతున్నారనుకుని నేనే గడ్డం పట్టుకుని తిన్నగా తిప్పేవాణ్ణి. దగ్గేవారు. ఆఖరి రోజున రెండు చెంచాలు తిని, ఇంకోటి పెట్టరా అన్నారు. దగ్గు చూసి భయమేసి గిన్నె తీసేశాను. తెల్లారేసరికి మళ్ళీ పక్షవాతం కొట్టింది. పోయారు.” గుడ్డని చేతిలో నలిపాడు. “పెట్టాల్సిందా డాక్టరుగారూ?”

డాక్టరు స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నాడు.

“తిన్నగా కూర్చోబెట్టి పెడితే అది ఊపిరిలోకే పోయేదేమో. ఆపి మంచిపనే చేశావు. తల తిప్పాలని నీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మా డాక్టర్లే. ఆ తప్పు నీ నెత్తిన వేసుకోకు.”

మెకానిక్ తలూపాడు. దేవుడు జవాబు చెప్పడానికి ఇంతమందిని పోగుచేశాడన్నమాట, అనుకున్నాడు.

కమిటీకి చెప్పడానికి డాక్టరు ఫైలు పట్టుకుని పరిగెత్తాడు. జావమ్మ అతని వెనకే వెళ్తూ గుమ్మంలో ఆగింది. “గిన్నె కడిగెయ్యనా బాబాయ్?”

“ఉండనీ. అడుగున కాస్త ఉంది.”

ఆమె వెళ్ళిపోయింది. మెకానిక్ గిన్నె వంచి పదకొండో చెంచా నింపాడు. ఒలకకుండా రెండో చెయ్యి కింద పట్టి, రబ్బరు పెదవుల దాకా తీసుకెళ్ళాడు. గుటక పడింది. పచ్చ లైటు వెలిగింది. మూతి తుడిచాడు.

ఎనిమిదేళ్ళ బాకీ తీరింది.

ఆ స్కానింగు కాగితం మీద ఇంటివాళ్ళ సంతకం అతనిదే.